బంతిపూవు పుట్టినిల్లు

సంక్రాంతి దినములలో మా గుణదలయందు ముంగిట ముంగిట గొబ్బెమ్మలు, వాని నెత్తిన బంతిపూవులు కనుపించును. గుమ్మములకు మామిడాకులతో గూడ బంతిదండలే. ఈ పూవు అనాదిగా మనదేయని పలువురి నమ్మకము. చరిత్ర మాత్రము వేరుగా చెప్పుచున్నది. నన్నయ తిక్కనల కాలమున ఈ దేశమున బంతి లేదు.

దీని జన్మభూమి మెక్సికో. అచ్చటి అజ్టెకులు దీనిని తమ భాషలో 'ఇరువది పూవు' అనిరి. రేకులు పెక్కు గలదని భావము. గతించిన పెద్దలను తలచు పండుగకు నవంబరు మొదటి దినములలో ఆ దేశీయులు నేటికిని ఈ పూవులనే సమాధులపై నుంతురు. 1492లో కొలంబసు ఆ ఖండమును చేరిన పిమ్మట మిరప, మొక్కజొన్నలవలెనే ఈ విత్తనమును ఓడలపై సముద్రములు దాటినది. మన దేశమునకు దీనిని దెచ్చినవారు పోర్చుగీసువారని చెప్పుదురు.

ఐరోపావారు దీని పుట్టుకను మరచిరి. ఫ్రెంచివారు 'ఇండియా గులాబి' యనిరి. ఆంగ్లేయులు 'ఆఫ్రికా మేరీగోల్డు' అనిరి. మేరీగోల్డనగా మేరీమాత బంగారము. అది మొదట వేరొక పూవు పేరు, పిదప దీనికి సంక్రమించినది.

మనవారేమి చేసిరి? కారపు కాయను మిరియముతో జేర్చి మిరప యనిరి. జొన్నను బోలిన గింజను మొక్కజొన్న యనిరి. గుండ్రని పూవును బంతి యనిరి. పేరు మనదైన పిదప వస్తువు పరాయిదని ఎవరికి తోచును? ఒక్క యేటిలోనే మొలచి, పూచి, ఎండిపోవు ఈ మొక్క ఐరోపాలో వేసవితోటల యలంకారము. ఇచ్చట వానలలో నాటినచో దసరాకు పూయును. తరువాత నాటినది సంక్రాంతి కందివచ్చును.

గుణదల కొండపై 1924లో అర్లాటి గురువుగారు లూర్దుమాత ప్రతిమను నెలకొల్పిరి. ఏటేట ఫిబ్రవరి 11వ తేదీ యుత్సవమునకు మతభేదము లేక జనులు వచ్చి కొబ్బరికాయలు కొట్టుదురు, తలనీలము లిత్తురు. ఆ మాత పేరు ఆంగ్లమున మోయు పూవును, కొండక్రింది ముంగిళ్లలో గొబ్బెమ్మ తలపై నుండు పూవును ఒక్కటే.

ఇది మనది, అది పరాయిది యను వాదము చెలరేగునప్పుడెల్ల నాకీ పూవు స్ఫురించును. ప్రాచీనతయే హక్కైనచో బంతికి మన గుమ్మమున చోటు లేదు. అయినను బంతి లేని పండుగను మన యాడపడుచులు పండుగ యనరు గదా!