చదువు రాదన్న పిల్లలు నేర్పిన చదువు

1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్సులోని సెయింట్ సెర్నిన్ అనే చిన్న ఊళ్లో, తోళ్లు శుద్ధి చేసే ఒకాయన పెరట్లో కూరగాయలు తవ్వుకుంటూ ఒక పిల్లవాడు పట్టుబడ్డాడు. పన్నెండేళ్లుంటాయి. నోట మాట లేదు. ఏళ్ల తరబడి అడవిలో ఒంటరిగా బతికినవాడని ఊరంతా అనుకుంది. ఆగస్టులో అతన్ని పారిస్‌లోని బధిరుల పాఠశాలకు చేర్చారు. 'అడవి పిల్లవాణ్ణి' చూద్దామని నగరం ఎగబడింది. ఉలుకూ పలుకూ లేకుండా ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చున్న పిల్లవాణ్ణి చూసి నీరుగారిపోయింది. మానసిక వైద్యంలో ఆ కాలానికి పెద్ద దిక్కైన ఫిలిప్ పినెల్ పరీక్షించి, ఇది బుద్ధిమాంద్యమనీ, బాగుపడే ఆశ లేదనీ తేల్చేశాడు.

ఒప్పుకోనివాడు ఒక్కడే. ఆ బడిలో కొత్తగా చేరిన డాక్టర్ జాన్ మార్క్ ఇటార్. అప్పటికి అతనికి పాతికేళ్లు దాటాయంతే.

ఇటార్ చేసిన మొదటి పని పాఠం చెప్పడం కాదు, గమనించడం. పక్కన తుపాకి పేల్చినా తల తిప్పని పిల్లవాడు, వెనక ఎవరో అక్రోటు కాయ పగలగొడితే ఠక్కున తిరిగి చూస్తున్నాడు. అంటే చెవి పనిచేస్తోంది, తన తిండికి సంబంధించిన చప్పుడును మాత్రమే పట్టించుకుంటోంది. అందుకని ఇటార్ అక్షరాలను పక్కన పెట్టి ఒంటి నుంచి మొదలుపెట్టాడు. రోజూ గంటల తరబడి వేడినీళ్ల స్నానాలు చేయించాడు. చలీ వేడీ తెలియని పిల్లవాడు కొన్నాళ్లకు నీళ్లు చల్లారితే తొట్టిలో దిగనని మొండికేశాడు. ఆ తరవాత పలకకు అంటించిన రంగు కాగితాలు: ఎర్రటి వృత్తం, నీలం త్రిభుజం, నల్ల చతురస్రం. అలాంటి అట్టముక్కలనే ఇచ్చి ఏది దేనికి జతో పెట్టమనేవాడు. అది వచ్చేసిందనుకోగానే రంగుల తేడా తీసేసి ఆకారాల తేడా మాత్రమే ఉంచేవాడు. కష్టం పెరిగినప్పుడల్లా పిల్లవాడు అట్టలు విసిరికొట్టేవాడు. మెట్టు మరీ ఎత్తు పెట్టానేమోనని గురువు ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ఇవాళ స్పెషల్ స్కూళ్లలో జరిగే పనికి ఇంతకన్నా మంచి వర్ణన దొరకడం కష్టం.

అతనికి విక్టర్ అని పేరు పెట్టారు. 'పాలు' అనే మాటకు ఫ్రెంచిలో ఉన్న నాలుగక్షరాలను వరసగా పేర్చడం నేర్చుకున్నాడు. వారం తరవాత, తనకు అలవాటుగా పాలు పోసే ఇంటికి బయల్దేరుతూ, ఎవరూ చెప్పకుండానే ఆ నాలుగక్షరాలూ జేబులో వేసుకుని వెళ్లి అక్కడి బల్ల మీద పేర్చాడు.

మాట మాత్రం రాలేదు. అయిదేళ్ల తరవాత ఇటార్ చేతులెత్తేశాడు. తన పని విఫలమైందనే అనుకున్నాడు. ఈ కథలో వెనక నిలబడిపోయే మనిషి మదాం గెరాన్. విక్టర్‌కు వండి పెట్టి, 1828లో అతను చనిపోయేదాకా కనిపెట్టుకుని ఉన్నది ఆమే. భోజనాల బల్ల సర్దడం విక్టర్ పని. ఆమె భర్త పోయాక కూడా అలవాటు కొద్దీ ఆయనకూ చోటు సర్ది, ఆమె ఏడవడం చూసి తీసేశాడు. మళ్లీ ఎప్పుడూ అక్కడ కంచం పెట్టలేదు. ఇటార్ నివేదికలో నమోదైన ఈ సంగతిని పినెల్ తీర్పు పక్కన పెట్టి చదవాలి.

చివరి రోజుల్లో ఇటార్ తన అనుభవాన్ని ఎదువార్ సెగ్విన్ అనే యువకుడికి అప్పగించాడు. 1837లో ఒక్క పిల్లవాడితో మొదలుపెట్టిన సెగ్విన్, కొన్నేళ్లలో పారిస్ ప్రభుత్వాసుపత్రుల్లో ఇలాంటి పిల్లలకు తరగతులు నడిపాడు. అధికారులతో పడక 1843లో బయటికొచ్చాడు. 1846లో పెద్ద గ్రంథం రాశాడు. ఆ తరవాత అమెరికా వెళ్లిపోయి అక్కడి సంస్థలకు దారి చూపించాడు. ముందు కండరాలు, తరవాత ఇంద్రియాలు, ఆఖరున ఆలోచన: ఇదీ అతని క్రమం. పాఠాన్ని మూడు మెట్లు చేసిందీ అతనే. "ఇది ఎరుపు" అని చూపించాలి. "ఎరుపు ఇవ్వు" అని అడగాలి. అప్పుడు గానీ "ఇది ఏమిటి?" అనకూడదు. మన బళ్లలో మూడో మెట్టు నుంచే మొదలుపెట్టి, చెప్పలేకపోతే నెత్తిన మొట్టికాయ వేయడం ఎన్ని తరాలు చూశాయో!

సెగ్విన్ పుస్తకాలు దాదాపు మరుగున పడ్డాక వాటిని వెతికి పట్టుకున్నది రోములో ఒక యువ డాక్టరు, మరియా మాంటిసోరి. 1896లో వైద్యపట్టా పుచ్చుకున్నాక ఆమె ఉద్యోగరీత్యా పిచ్చాసుపత్రులకు వెళ్లేది. అక్కడ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను ఏమీ లేని గదుల్లో పెట్టి తాళాలు వేసేవారు. తిన్నాక నేలమీద రొట్టెముక్కల కోసం దేవుకుంటారని కాపలామనిషి ఈసడించుకుంటే, చేతులతో పట్టుకోవడానికి ఆ గదిలో ఇంకేముందని మాంటిసోరికి తోచింది. ఇటార్, సెగ్విన్‌ల రచనలను తన చేత్తో ఇటాలియనులోకి రాసుకుంది. 1900లో రోములో ఇలాంటి పిల్లలకు బోధించే టీచర్ల కోసం తెరిచిన బడికి సహ సంచాలకురాలైంది. పగలంతా పిల్లలతో, రాత్రి నోట్సుతో రెండేళ్లు గడిపింది.

అక్కడే ఒక పదకొండేళ్ల అమ్మాయికి కుట్టుపని ఎంతకీ పట్టుబడలేదు. మాంటిసోరి సూది పక్కన పెట్టించి, కాగితం పట్టీలను కిందా పైనా దూర్చే చాప అల్లిక ఇచ్చింది. అది బాగా అలవాటయ్యాక సూది చేతికిస్తే పిల్ల కుట్టేసింది. అసలు పనికి ముందు ఆ పనిలోని కదలికను చేతికి నేర్పాలన్నమాట. అక్షరాలకూ అదే సూత్రం వాడింది. చెక్కతో అక్షరాలు చేయించి, రాయకముందే వాటి మీద వేలు పోనిచ్చింది. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం మీద వేలు పట్టి ఓనమాలు దిద్దించిన మనకు ఇందులో వింత కనిపించదు గానీ, మనం దాన్ని ఒక్కరోజు ముచ్చటగా సరిపెట్టుకున్నాం.

ఆమె పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలతో కలిసి పరీక్ష రాసి గట్టెక్కారు. లోకం ఆశ్చర్యపోతే మాంటిసోరి ఇంకో దిక్కుకు చూసింది. ఈ పిల్లలే ఇంత చేయగలిగితే, ఏ లోపమూ లేని పిల్లలు ఇక్కడే ఆగిపోయారంటే తప్పు వాళ్ల బళ్లదే కదా అన్నది ఆమె ప్రశ్న. 1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో పేటలో కూలీల పిల్లలకు తెరిచిన బడిలోకి ఆ సామగ్రి అంతా వెళ్లింది. ప్రపంచానికి తెలిసిన మాంటిసోరి కథ అక్కడి నుంచే మొదలవుతుంది. ముందు అధ్యాయాన్ని చాలామంది చించేశారు.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద ఆమె మద్రాసు వచ్చింది. అడయారులో మొదటి శిక్షణకు మూడువందల మందికి పైగా చేరారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఆమె శత్రుదేశస్థురాలైంది. కొడుకు మారియోను నిర్బంధించి, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు విడిచిపెట్టారు. 1946 దాకా ఆమె ఇక్కడే ఉండిపోయింది. ఆ పేరు తెలుగునాట గట్టిగా వేళ్లూనింది. విజయవాడలో మాంటిసోరి పేరుతోనే బడి పెట్టిన వి. కోటేశ్వరమ్మకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఆ పేరు వీధివీధినా బోర్డుల మీద ఉంది. ఏ పిల్లల దగ్గర ఆ పద్ధతి పుట్టిందో ఆ పిల్లలు సీటుకు వస్తే మాత్రం "మా దగ్గర కుదరదండీ" అనే మాట తల్లిదండ్రులకు కొత్త కాదు.

ఆ పిల్లలకు పాఠం చెప్పే విద్యకు తెలుగునేల మీద పెద్ద కేంద్రం సికింద్రాబాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం అక్కడ నెలకొల్పిన జాతీయ సంస్థలో స్పెషల్ టీచర్లు తయారవుతారు. సెగ్విన్ పేరు మన క్లినిక్కుల్లో ఇంకా వినబడుతుంది. సెగ్విన్ ఫామ్ బోర్డు అంటే పది చెక్క ఆకారాలు, వాటికి పది గుంటలు. పిల్లవాడి చేత మూడుసార్లు పెట్టించి, తక్కువ సమయం పట్టిన సారినే లెక్కలోకి తీసుకుంటారు. టీ-షర్టు తొడుక్కోవడం నేర్పాలంటే స్పెషల్ టీచరు ఆ పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, చివరి ముక్కతో మొదలుపెట్టడం ఒక పద్ధతి. తల, చేతులు తానే దూర్చి, నడుము దాకా లాగడం మాత్రం పిల్లకు వదిలేస్తుంది. పని పూర్తిచేసింది తానేనన్న సంతోషం మొదటి రోజే పిల్లకు దక్కుతుంది. కొన్నాళ్లకు ఇంకో ముక్క వదులుతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ఈ పని ఐఈఆర్పీలది, అంటే ఇన్‌క్లూసివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లది. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకూ వాళ్లే వెళ్తారు. వీళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు ఉద్యోగులే.