ట్రంకు పెట్టెలో సిపాయి తాత

మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో ఒక పాత ఫోటో ఉండేది. సిపాయి బట్టలు, ఒక పక్కకు మడిచిన అంచు టోపీ, మీసం సరిగా రాని కుర్రాడు. "మీ చిన్నతాత. బర్మా యుద్ధానికి పోయి వచ్చాడు" అనేది. అంతకుమించి నేనెప్పుడూ అడగలేదు. ఆమె పోయాక చెప్పేవాళ్లు లేరు.

అందుకే ఫోటోనే అడగడం మొదలుపెట్టాను. చేతి మీద పట్టీలు లేవు, అంటే మామూలు సిపాయి. అదే పెట్టె అడుగున, గుడ్డలో చుట్టి, ఆరు కొనల నక్షత్రం దొరికింది. దాని మీద ఇంగ్లీషులో 'బర్మా స్టార్' అని ఉంది. 1941 డిసెంబర్ నుంచి 1945 సెప్టెంబర్ వరకు సాగిన బర్మా పోరులో పనిచేసినవారికి ఇచ్చిన పతకం అది. నాయనమ్మ మాట నిజమే!

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం దాదాపు 25 లక్షల మందికి పెరిగింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1922–24లో మన్యం పితూరీని అణచిన సర్కారు యూనిఫామే, ఇరవై ఏళ్లకు మా చిన్నతాత వేసుకున్నాడు. ఈ మాట రాయడానికి మొదట తటపటాయించాను. కానీ పితూరీ వీరులతో పాటు ఆయనకూ మన చరిత్రలో చోటుండాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పాత ఫోటోలు బయటికి తీయండి. పెద్దల్ని అడిగి పేరు, ఇంటిపేరు, ఊరు వెనక పెన్సిల్‌తో రాయండి. డిశ్చార్జి కాగితం ఉంటే సర్వీసు నంబరు రాసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. మా చిన్నతాత కాగితాన్ని చెదలు తినేశాయి. మీ ఇంట్లోది ఇంకా మిగిలి ఉండవచ్చు.