హారిస్ మట్టి పీత

హారిస్ మట్టి పీత ఉత్తర అమెరికా తూర్పు తీరంలోని ఉప్పుటేరులలోను, నదీముఖాలలోను సహజంగా నివసించే ఒక చిన్న పీత. దీని శాస్త్రీయ నామం రిత్రోపానోపియస్ హారిసీ. నదుల మంచినీరు సముద్రపు నీటితో కలిసే చోట ఏర్పడే చవిటి నీరు దీని ప్రధాన నివాసం. పెరిగిన పీతలో కూడా పైచిప్ప వెడల్పు సాధారణంగా రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. గత 150 సంవత్సరాలలో ఇది ఐరోపా, పశ్చిమ ఆసియా, జపాన్, అమెరికా పశ్చిమ తీరం వంటి అనేక ప్రాంతాలకు మనుషుల వలన చేరింది. ఐరోపాలో మొదట కనిపించినప్పుడు దీనిని అమెరికా పీతగా ఎవరూ గుర్తించలేదు. అక్కడ వేరొక జాతిగా పేరు పొంది, 75 సంవత్సరాల పాటు ఆ పేరుతోనే చెలామణి అయింది. అందువలన జీవులను గుర్తించడంలోని కష్టాలకు, వర్గీకరణ నియమాలకు ఈ పీత చక్కని ఉదాహరణ.

పేరు గురించి

మట్టి పీత అనే మాట ఒకే జాతికి పరిమితం కాదు. ఆంధ్ర ప్రదేశ్ తీరంలోని చెరువులలో పెంచి ఎగుమతి చేసే పెద్ద పీతలను కూడా ఇంగ్లీషులో మడ్ క్రాబ్ అనే అంటారు. అవి సిల్లా ప్రజాతికి, పోర్టునిడే కుటుంబానికి చెందినవి. వాటి చివరి జత కాళ్ళు తెడ్డులా చదునుగా ఉండి ఈదడానికి ఉపయోగపడతాయి. హారిస్ మట్టి పీతకు తెడ్డు కాళ్ళు లేవు, తినడానికి పనికివచ్చేంత పరిమాణమూ లేదు. ఈ రెండింటికీ పేరులో తప్ప దగ్గర సంబంధం లేదు.

శరీర లక్షణాలు

పైచిప్ప, అనగా కారాపేస్, ఇంచుమించు చతురస్రంగా ఉండి, పొడవు కంటే వెడల్పు కొంచెం ఎక్కువగా ఉంటుంది. దాని పైన అడ్డంగా సాగే సన్నని గరుకు గీతలు కనిపిస్తాయి. వేలితో తడిమితే ఇవి బాగా తెలుస్తాయి. రంగు గోధుమ నుండి పాచి ఆకుపచ్చ వరకు ఉంటుంది. అయితే ఆల్కహాలులో భద్రపరచిన నమూనాలలో రంగు వెలిసిపోతుంది కనుక గుర్తింపులో పైచిప్ప రంగుకు పెద్దగా విలువ లేదు.

నమ్మదగిన గుర్తులు నుదుటి వద్ద, పక్క అంచుల వద్ద, డెక్కల వద్ద ఉన్నాయి. రెండు కళ్ళ మధ్య ఉండే నుదుటి అంచు దాదాపు తిన్నగా ఉండి, నడిమన చిన్న నొక్కు కలిగి ఉంటుంది. పీతను ముఖాముఖిగా పట్టుకుని చూస్తే ఈ అంచు వెంబడి ఒక గాడి కనిపించి, ఒకే అంచు రెండు వరుసలుగా ఉన్నట్లు తోస్తుంది. కంటి గుంట నుండి వెనుకకు సాగే పక్క అంచు మీద పళ్ళ వంటి మొనలు ఉంటాయి. కంటి గుంట మూల వద్ద ఉన్న పన్ను, దాని పక్కనున్నది కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. దాని వెనుక మూడు పళ్ళు విడివిడిగా స్పష్టంగా ఉంటాయి. లెక్కించేవారు ఈ కలిసిన జంటను ఒకటిగా తీసుకున్నారా, రెండుగా తీసుకున్నారా అనే దాని మీద వర్ణనలలో పళ్ళ సంఖ్య మారుతుంది. పుస్తకాలలో కనిపించే తేడాలకు ఇదొక కారణం.

డెక్కలు రెండూ సమానంగా ఉండవు. ఒకటి పెద్దది, రెండవది సన్ననిది. డెక్కల వేళ్ళ కొనలు తెల్లగా ఉంటాయి. చూడడానికి స్వల్ప విషయమే అయినా, దీని దగ్గరి బంధువులలో చాలావాటికి వేళ్ళు నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటాయి కనుక, తెల్లని వేళ్ళు అన్నింటికంటే త్వరగా ఉపయోగపడే గుర్తు. నడిచే కాళ్ళు పొడవుగా, సన్నగా ఉండి, వాటి మీద కొద్దిపాటి నూగు ఉంటుంది.

పోలిన పీతల నుండి వేరు చేయడం

అమెరికా తూర్పు తీరంలో ఆల్చిప్పల దిబ్బల మధ్య ఒకే గుప్పెడు మట్టిలో మూడు నాలుగు జాతుల చిన్న పీతలు దొరకడం సాధారణం. అవన్నీ గోధుమ రంగులోనే ఉంటాయి, అన్నింటి పక్క అంచులకూ పళ్ళు ఉంటాయి. పానోపియస్ హెర్బ్‌స్టీ అనే జాతిలో పెద్ద డెక్క యొక్క కదిలే వేలి మొదట్లో ఒక పెద్ద పన్ను ఉంటుంది. హారిస్ మట్టి పీతలో అటువంటిది లేదు. యూరిపానోపియస్ డిప్రెసస్ జాతిలో చిన్న డెక్క వేళ్ళు గరిటె ఆకారంలో గుంటపడి ఉంటాయి. నోటిని తలుపుల వలె కప్పే మూడవ జత జంభికపాదాల లోపలి వైపున ఎర్రని మచ్చ ఉంటుంది. ఆ మచ్చను చూడాలంటే జంభికపాదాన్ని సూదితో పక్కకు తొలగించాలి. డిస్పానోపియస్ సాయి జాతిలో వేళ్ళు ముదురు రంగువి.

ఐరోపాలో పొరపాటు పడే అవకాశం వేరే విధంగా ఉంటుంది. అక్కడి తీరపు పీత, కార్సినస్ మీనాస్, పిల్లగా ఉన్నప్పుడు హారిస్ మట్టి పీత అంతే ఉంటుంది. కానీ దాని పక్క అంచున ఒక్కొక్క వైపు అయిదు పళ్ళు, కళ్ళ మధ్య మూడు మొద్దు మొనలు ఉంటాయి. చైనా నుండి వచ్చి ఐరోపా నదులలో స్థిరపడిన ఎరియోకైర్ సైనెన్సిస్ అనే పీతకు డెక్కల మీద దట్టమైన ఊలు వంటి నూగు ఉంటుంది. ఇది అందరికీ తెలిసిన గుర్తే. అయితే చిక్కు ఏమిటంటే, రెండు సెంటీమీటర్ల లోపు పిల్లలలో ఈ నూగు కనిపించకపోవచ్చు. సరిగ్గా హారిస్ మట్టి పీత పరిమాణం కూడా అదే. అటువంటప్పుడు కళ్ళ మధ్య లోతైన నొక్కు, పక్కల నాలుగేసి ముళ్ళు ఉన్నాయేమో చూసి ఎరియోకైర్‌ను నిర్ధారించాలి.

మగ, ఆడ భేదం - ఒక పరాన్నజీవి

ఇతర పీతలలో వలెనే ఇందులోను శరీరం కిందకు మడిచి ఉన్న ఉదరాన్ని బట్టి లింగభేదం తెలుస్తుంది. మగ పీతకు ఉదరం సన్నగాను, ఆడ పీతకు వెడల్పుగా గుండ్రంగాను ఉంటుంది. ఆడ పీత గుడ్లను ఆ వెడల్పు ఉదరం కింద మోస్తుంది. మగ పీత ఉదరం కింద దాగి ఉండే తొలి జత ఉపాంగాలు సంపర్కానికి ఉపయోగపడతాయి. వీటి కొన ఆకారం జాతి జాతికీ మారుతుంది. కనుక బయటి గుర్తులతో తేలనప్పుడు నిపుణులు సూక్ష్మదర్శిని కింద వీటినే పరీక్షిస్తారు.

ఈ సులభమైన లింగ నిర్ధారణ కూడా ఒక్కొక్కసారి తప్పుతుంది. లాక్సోథైలాకస్ పానోపై అనేది బార్నకిళ్ళ బంధువైన ఒక పరాన్నజీవి. ఇది పీత శరీరంలో వేళ్ళ వలె వ్యాపించి, దాని సంతానోత్పత్తి శక్తిని నశింపజేస్తుంది. తరువాత పీత ఉదరం కింద ఒక సంచి రూపంలో బయటకు వస్తుంది. పైపైన చూసేవారికి ఆ సంచి గుడ్ల ముద్దలా కనిపిస్తుంది. వ్యాధి సోకిన మగ పీతకు ఉదరం ఆడ పీతకు వలె వెడల్పవుతుంది. మెక్సికో సింధుశాఖకు చెందిన ఈ పరాన్నజీవి 1960వ దశకంలో అక్కడి ఆల్చిప్పలతో పాటు చెసపీక్ అఖాతానికి చేరింది. దాని డింభకాలు ఉప్పు బాగా తక్కువగా ఉన్న నీటిలో బ్రతకలేవు. అందువలన నదికి ఎగువన ఉండే హారిస్ మట్టి పీతలకు చవిటి నీరే కొంత రక్షణ.

డింభక దశలు

గుడ్డు నుండి వెలువడిన పిల్ల పీత ఆకారంలో ఉండదు. జోయియా అనే నాలుగు దశలు, తరువాత మెగలోపా అనే ఒక దశ గడిచాక గాని అది చిన్న పీతగా మారదు. జోయియా డింభకానికి శరీరంతో పోలిస్తే చాలా పొడవైన ముళ్ళు ఉంటాయి. ముఖ్యంగా ముందుకు పొడుచుకు వచ్చిన ముల్లు, దాని పక్కనున్న స్పర్శశృంగపు ముళ్ళు పొడవుగా ఉండడం వలన నీటి నమూనాలో ఈ జాతి డింభకాలను వేరు చేయవచ్చు. ఈ ముళ్ళు చిన్న చేపల నుండి డింభకాలను కాపాడతాయి.

నీటి వెంట తేలిపోయే ఇంత చిన్న ప్రాణి సముద్రంలోకి కొట్టుకుపోకుండా నదీముఖంలోనే ఎలా నిలుస్తుందనేది పరిశోధకులను ఆకర్షించిన ప్రశ్న. నదీముఖంలో పై పొర నీరు మొత్తం మీద సముద్రం వైపు, అడుగు పొర నీరు ఎగువకు సాగుతాయి. ఈ పీత డింభకాలు ఆటుపోట్లకు అనుగుణంగా పైకి, కిందకు మారుతూ ఉంటాయి. క్రోనిన్, ఫార్వర్డ్ అనే శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నదీముఖం నుండి తెచ్చిన డింభకాలు ఆటుపోట్లు లేని ప్రయోగశాల తొట్టెలో కూడా అదే లయలో పైకి కిందకు కదిలాయి. అంటే ఆ గడియారం వాటి లోపలే ఉంది.

వర్గీకరణ చరిత్ర

ఈ జాతిని మొదట వర్ణించినది బోస్టన్‌కు చెందిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ఆగస్టస్ అడిసన్ గూల్డ్. మసాచుసెట్స్ రాష్ట్రపు అకశేరుకాల మీద 1841లో వెలువడిన నివేదికలో ఆయన దీనికి పైలమ్నస్ హారిసీ అని పేరు పెట్టాడు. హార్వర్డ్ గ్రంథాలయాధికారి, కీటక శాస్త్రవేత్త అయిన థాడియస్ విలియం హారిస్ గౌరవార్థం ఆ పేరు వచ్చింది. గూల్డ్ ప్రధానంగా నత్తలు, ఆల్చిప్పల నిపుణుడు. అప్పట్లో పైలమ్నస్ అనే ప్రజాతి ఎక్కడా ఇమడని చిన్న పీతలనెన్నింటినో పడవేసే బుట్ట వంటిది. అమెరికా జాతీయ మ్యూజియంలో పీతల నిపుణురాలైన మేరీ రాత్‌బన్ 1898లో ఈ జాతి కోసం రిత్రోపానోపియస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచింది. ఆ ప్రజాతిలో నేటికీ ఇది ఒక్కటే జాతి.

ఈ లోగా అట్లాంటిక్ అవతల మరో కథ నడిచింది. నెదర్లాండ్స్ నడుమకు చొచ్చుకువచ్చిన జైడర్ జీ అనే చవిటి నీటి అఖాతంలో దొరికిన ఒక చిన్న పీతను 1874లో మైట్‌ల్యాండ్ అనే శాస్త్రవేత్త కొత్త జాతిగా భావించి పైలమ్నస్ ట్రైడెంటాటస్ అని పేరు పెట్టాడు. ట్రైడెంటాటస్ అంటే మూడు పళ్ళు గలది. పక్క అంచున విడిగా కనిపించే మూడు పళ్ళు అన్న వర్ణన గుర్తుంటే ఆ పేరు ఎంత తగినదో తెలుస్తుంది. తరువాత దానిని హెటిరోపానోపే అనే ప్రజాతిలోకి మార్చారు. డచ్చివారు దానిని తమ జైడర్ జీ పీతగానే ఎరుగుదురు. ఎక్కడినుండో వచ్చిన ప్రాణి అని అనుమానించడానికి ఆధారం కావలసింది అమెరికా నమూనాలతో పోలిక. ఆ పోలిక చాలాకాలం సరిగా జరగలేదు.

లైడెన్ మ్యూజియంకు చెందిన అలీడా బాయిటెండైక్, లిప్కే హోల్ట్‌హ్యూస్ 1949లో ఆ పని చేసి, జైడర్ జీ పీత అమెరికా జాతియే అని తేల్చారు. అయితే వారు రెండింటి మధ్య కొద్ది తేడాలు ఉన్నాయని భావించి, ఐరోపా పీతలకు రిత్రోపానోపియస్ హారిసీ ట్రైడెంటాటస్ అని ఉపజాతి స్థానం ఇచ్చారు. తరువాతి నిపుణులు ఆ తేడాలను అంగీకరించకపోవడంతో ఉపజాతి కూడా రద్దయింది. ఒకే జీవికి రెండు పేర్లున్నప్పుడు ముందుగా ప్రచురించిన పేరే చెల్లుతుందనే ప్రాధాన్య నియమం ప్రకారం 1841 నాటి హారిసీ నిలిచి, 1874 నాటి ట్రైడెంటాటస్ పర్యాయనామంగా మిగిలింది. జాతి పేరు తరువాత గూల్డ్ పేరును, 1841 సంవత్సరాన్ని కుండలీకరణాలలో వ్రాయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆయన పెట్టిన జాతి పేరు నిలిచింది గాని, ప్రజాతి మారింది. ప్రజాతి మారకుండా ఉంటే కుండలీకరణాలు ఉండేవి కావు.

ప్రస్తుత వర్గీకరణలో ఈ పీత ఆర్థ్రోపొడా వర్గంలో క్రస్టేషియాకు, అందులో పది కాళ్ళ జీవుల క్రమమైన డెకాపొడాకు, నిజమైన పీతల సమూహమైన బ్రాకియురాకు చెందుతుంది. పాత పుస్తకాలలో కుటుంబం క్సాంథిడే అని ఉంటుంది. ఆ పెద్ద కుటుంబాన్ని విభజించిన తరువాత ఇది పానోపిడే కుటుంబంలో చేరింది. పైన చెప్పిన పానోపియస్, యూరిపానోపియస్, డిస్పానోపియస్ కూడా ఈ కుటుంబానివే.

విస్తరణ

స్వస్థలం కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖ నుండి మెక్సికోలోని వెరాక్రూజ్ వరకు ఉన్న తీరం. ఐరోపాకు ఎలా చేరిందో ప్రత్యక్ష సాక్ష్యం లేదు. ఓడల అడుగుకు అంటుకున్న జీవజాలంతోనో, ఓడ నిలకడ కోసం నింపే నీటితోనో వచ్చి ఉండవచ్చు. 1930వ దశకంలో జర్మనీలోని కీల్ కాలువలోను, నల్ల సముద్రపు ఉత్తర తీరంలోను, అమెరికా పశ్చిమాన సాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోను కనిపించింది. తరువాత పోలండ్ తీరానికి, కాస్పియన్ సముద్రానికి వ్యాపించింది. 1932లో అడ్డుకట్ట కట్టడంతో జైడర్ జీ క్రమంగా ఐసెల్‌మీర్ అనే మంచినీటి సరస్సుగా మారింది. ఐరోపాలో ఈ పీతకు మొదట పేరు వచ్చిన నివాసం ఆ రూపంలో ఇప్పుడు లేదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో సముద్రానికి చాలా దూరాన ఉన్న, లవణాలు అధికంగా గల కొన్ని జలాశయాలలో కూడా ఇది పిల్లలు పెడుతూ స్థిరపడింది. నీటిని తోడే గొట్టాలలో చేరి అవరోధం కలిగించడం దీని వలన కలిగే నష్టాలలో ఒకటి.

ఫిన్లాండ్ నైరుతి తీరంలో 2009లో, ఎస్తోనియాలో 2011లో దీనిని కనుగొన్నారు. బాల్టిక్ సముద్రపు ఉత్తర భాగంలో ఉప్పు చాలా తక్కువ. అక్కడ స్థానిక పీతలే లేవు. కనుక ఆ ప్రాంతాలలో గుర్తింపు సమస్య పెద్దగా రాలేదు. రాళ్ళ కింద ఏ చిన్న పీత కనిపించినా అది కొత్తగా వచ్చినదే అయి ఉంటుంది. కానీ పీతను ఎన్నడూ ఎరుగని నత్తలు, చిన్న కవచజీవులు దీనికి ఆహారమవుతున్నాయి. మరోవైపు అక్కడి చేపలు ఈ పీతను తినడం నేర్చుకున్నాయి.

మైటోకాండ్రియా జన్యువులను పోల్చి 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అమెరికా తీరం పొడవునా ఈ జాతి పీతల మధ్య ప్రాంతీయ భేదాలు బాగా ఉన్నాయని, ఐరోపా పీతలు మాత్రం ఆ పరిశీలనలో చేర్చిన ఉత్తరపు కొసన ఉన్న న్యూజెర్సీ పీతలతో ఎక్కువగా పోలుతున్నాయని తేలింది.