జీన్సు ప్యాంటు, తాతయ్య గొంగళి, మంచు

రెంటచింతల పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఎండాకాలం వచ్చిందంటే రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువ కాసిందో చెప్పేటప్పుడు తరచూ వినబడే పేరు అదే. మా ఊరు అక్కడికి ఎంతో దూరం లేదు. అలాంటి చోట పుట్టి పెరిగినవాడు మంచులో జారడానికి ఏ ప్యాంటు కొనుక్కోవాలో చెప్తానంటే మీకు నవ్వు రావడం సహజం. నాకూ వస్తోంది :) కానీ ఈ విషయం నేను ఒళ్ళు హూనం చేసుకుని నేర్చుకున్నాను కాబట్టి, కొత్తగా చలిదేశాలకి వచ్చేవాళ్ళకి పనికొస్తుందని ఈ టపా.

అమెరికా వచ్చిన మొదటి చలికాలం. ఆఫీసులో తోటివాళ్ళు లేక్ తాహోకి స్నోబోర్డింగుకి వెళ్తుంటే నేనూ బయల్దేరా. బోర్డు, బూట్లు అద్దెకి దొరికాయి. పైన మంచి జాకెట్టే ఉంది. కింద మాత్రం జీన్సు. "మందంగానే ఉందిగా, ఏమవుతుందిలే" అనుకున్నా. స్నోబోర్డు నేర్చుకోవడం అంటే రోజంతా మంచులో కూలబడి లేవడమే అని అప్పటికి తెలీదు. గంటలో ప్యాంటు తడిసింది. ఇంకో గంటకి మోకాళ్ళ కింద బిగిసి రేకులా తయారైంది. లిఫ్టు మీద గాలికి తొడలు మొద్దుబారాయి. కిందికి వచ్చాక బోర్డు పట్టీలు ఊడదీద్దామంటే వేళ్ళు మాట వినలేదు. నేనేదో మాట్లాడుతుంటే నా ఫ్రెండు "ఏంటిరా, మాట ముద్దగా వస్తోంది?" అని కంగారుపడి లోపలికి లాక్కెళ్ళాడు. ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవడం అలాగే మొదలవుతుందట. ఇంకో అరగంట అక్కడే ఉంటే ఏమయ్యేదో!

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా నాన్న ఒకటే మాటన్నాడు. "మీ తాతయ్య గొంగళి అటక మీదే ఉంది కదరా అబ్బాయా, అది పట్టుకెళ్ళినా ఇంత పని జరిగేది కాదు." జోకేశాడనుకున్నా. తర్వాత ఈ గుడ్డల చరిత్ర చదువుతూ పోతే, ఆ మాటలో జోకు పావలా, నిజం ముప్పావలా అని అర్థమైంది.

గుడ్డ ఎంత తేమ పడుతుందో చెప్పే లెక్క ఒకటుంది. మామూలు గదిలో ఆరేసి ఉన్నప్పుడు కూడా ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం తేమ పట్టుకుంటుంది. పత్తి 8, నైలాన్ 4, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. అంటే పత్తి కన్నా ఉన్నే ఎక్కువ నీళ్ళు తాగుతుంది! మరి తేడా ఎక్కడుంది? ఉన్ని ఆ తేమని పోగు లోపల దాచుకుంటుంది, పై పొర మాత్రం నీళ్ళని జారుస్తుంది. తడిసినా దాని వంకీలు పూర్తిగా చదునైపోవు, మధ్యలో గాలి నిలుస్తుంది. ఆ గాలే వెచ్చదనం. పత్తి తడిస్తే మెత్తబడి ఒంటికి అతుక్కుంటుంది, గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరతాయి. నీళ్ళు ఒంట్లో వేడిని గాలి కన్నా ఇరవై రెట్లు పైనే త్వరగా లాగేస్తాయి.

గొంగళి నేసేవాళ్ళకి ఈ లెక్కలు తెలీకపోవచ్చు, పని తెలుసు. దక్కన్ గొర్రెల ముతక ఉన్ని వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. దాంతో గొంగళి బిర్రుగా అయి వాన నీళ్ళు పైపైనే జారిపోతాయి. ఒక మూల మడిచి తల మీద వేసుకుంటే అదే టోపీ, అదే రెయిన్ కోటు, రాత్రికి అదే పక్క. మా పల్నాడులో మాచర్ల పేరుతో గొర్రె జాతే ఉంది గానీ అది మాంసానికి పెంచేది. ఉన్నికి పేరు దక్కన్ గొర్రెదే.

పత్తిని తిట్టాలంటే మాత్రం నాకు నోరు రాదు. నా ఫీజులు కట్టింది అదే. మా వైపు అది తెల్ల బంగారం. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, పురుగు కలిసి ఆ బంగారాన్ని తినేస్తే ఎంతమంది రైతులు పురుగుమందు తాగారో పాతతరం వాళ్ళకి గుర్తే. పత్తి ఎండదేశపు గుడ్డ, ఎండలో దానికి సాటి లేదు. తప్పు పత్తిది కాదు, చోటు తెలీకుండా వేసుకున్న నాది. ఇంకో తమాషా ఏంటంటే, రాగి రివెట్ల జీన్సు పుట్టిందే ఆ తాహో కొండల పక్కన. రీనోలో దర్జీ జాకబ్ డేవిస్, శాన్‌ఫ్రాన్సిస్కో బట్టల వ్యాపారి లీవై స్ట్రాస్ కలిసి 1873లో పేటెంటు తీసుకున్నారు. కూలీల ప్యాంట్లు త్వరగా చిరిగిపోకుండా చెయ్యడం వాళ్ళ బాధ. తడవడం వాళ్ళ లిస్టులో లేదు.

తడవకుండా చెయ్యడం ఇంకొకళ్ళ కథ. 1823లో గ్లాస్గోలో చార్లెస్ మాకింటాష్ రబ్బరుని తారు నుంచి తీసిన నాఫ్తాలో కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి అతికించాడు. నీళ్ళు ఆగాయి. కానీ ఎండకి జిగురు, చలికి అట్ట, పైగా కంపు. 1840ల్లో గుడ్‌ఇయర్, హాన్‌కాక్ రబ్బరుని గంధకంతో ఉడికించే పద్ధతికి పేటెంట్లు తీసుకున్నాక జిగురు పోయింది. అయినా అసలు సమస్య అలాగే ఉంది. బయటి నీళ్ళు లోపలికి రానివ్వని గుడ్డ లోపలి చెమటని బయటికి పోనివ్వదు. కష్టపడేవాడు వానకి తడవకపోతే చెమటకి తడుస్తాడు. మంచులో ఏ నీళ్ళతో తడిసినా ఒకటే. నా దృష్టిలో ఈ రెండువందల ఏళ్ళ చరిత్రంతా ఈ ఒక్క బగ్గు ఫిక్స్ చెయ్యడానికి పడ్డ తంటాలే.

1879లో థామస్ బర్బెరీ గాబర్డీన్ అని దగ్గరగా నేసిన గుడ్డ తెచ్చాడు. పూత గుడ్డకి కాకుండా నూలుకే ముందు పట్టించి నేస్తాడు కాబట్టి కాస్త గాలి ఆడుతుంది. దక్షిణ ధ్రువానికి వెళ్ళిన అముండ్సెన్, 1924లో ఎవరెస్టు మీద కన్నుమూసిన మలొరీ దాన్నే వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో మాంచెస్టర్ షర్లీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. చల్లటి సముద్రంలో పడ్డ పైలట్లు నిమిషాల్లో చనిపోతున్నారు. వాళ్ళకోసం పొడుగు పింజ పత్తినే పట్టుగా నేసి 'వెంటైల్' తయారుచేశారు. తడవగానే పత్తి పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఏ గుణం వల్ల నా జీన్సు నన్ను ముంచిందో, అదే గుణంతో పైలట్ల ప్రాణాలు నిలబెట్టారన్నమాట! మా పత్తి పరువు దక్కింది :) కాకపోతే అది నానితే బరువెక్కి బిగుస్తుంది. రోజంతా మంచులో దొర్లేవాడికి కుదరదు.

1938లో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా టెఫ్లాన్ కనిపెట్టాడు. 1969లో బాబ్ గోర్ వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీని మెల్లగా సాగదీస్తుంటే ప్రతిసారీ తెగిపోతోంది. విసుగొచ్చి ఒక్క గుంజు గుంజితే తెగకుండా బోలెడంత సాగింది. ఆ సాగిన పొర నిండా కంటికి కనబడని రంధ్రాలు. నీటి చుక్క దూరలేదు, చెమట ఆవిరి మాత్రం దూరిపోతుంది. అదే గోర్‌టెక్స్. 1976 నుంచి బజార్లోకి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్నోబోర్డూ పెరిగింది. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ కూతుళ్ళ ఆటకోసం రెండు స్కీలు కలిపి బిగించాడు. 1977లో జేక్ బర్టన్ వెర్మాంట్‌లో బోర్డుల కంపెనీ పెట్టాడు. 1998 నగానో నాటికి ఒలింపిక్సులో చేరింది. స్కీయింగులో కాళ్ళు విడివిడిగా ఉంటాయి, ఆగినా నిలబడొచ్చు. స్నోబోర్డులో రెండు కాళ్ళూ ఒకే పలకకి కట్టేస్తారు. పట్టీలు బిగించుకోవాలంటే చాలామంది మంచులో కూర్చోవాల్సిందే. పడితే పిర్రల మీదో మోకాళ్ళ మీదో పడతారు. అందుకే దీనికి జాకెట్టు కన్నా ప్యాంటు ముఖ్యం అంటాను.

ఇప్పుడు లేబులు చూద్దాం. 5,000, 10,000, 20,000 అని మిల్లీమీటర్లు రాసి ఉంటాయి. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్ళు పోస్తూ పోతే, ఎంత ఎత్తుకి చేరాక కింద చెమ్మ దిగుతుందో ఆ అంకె. నాబోటి 75 కిలోల మనిషి కూర్చుంటే ఆ బరువు సుమారు 1000 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుందనుకుందాం. అది 750 మిల్లీమీటర్ల నీళ్ళ ఒత్తిడి. అదే మోకాళ్ళ మీద ఉంటే ఆనేది వంద చదరపు సెంటీమీటర్లే. ఒత్తిడి 7,500. పడ్డప్పుడు ఇంకా ఎక్కువ. కాబట్టి 5,000ది చవగ్గా వచ్చినా వద్దు, 10,000 కి తగ్గొద్దు. తడి మంచు పడే చోటైతే 15,000 మంచిది.

తర్వాత కుట్లు. సూది పడ్డ ప్రతిచోటా కన్నమే. అన్ని కుట్ల మీదా లోపల టేపు అతికించి ఉందో లేదో తిప్పి చూడండి. తొడల దగ్గర గాలికి జిప్పులుండాలి, చెమట పోవడానికి పొర కన్నా అవే బాగా పనిచేస్తాయి. బూట్లలోకి మంచు దూరకుండా కాలి దగ్గర సాగే పట్టీ కావాలి. దూది కూరిన ప్యాంటు కన్నా పల్చటిది కొని లోపల ఉన్నిదో పాలియెస్టర్‌దో వేసుకోవడం మేలు. లోపల కాటన్ మాత్రం వద్దు, డ్రాయరుతో సహా! బ్రాండు పేరుకి డబ్బు తగలెయ్యకండి.

ఇక నన్ను ఇబ్బంది పెట్టే సంగతి. ఈ పొరలకీ, నీళ్ళు జారే పూతలకీ వాడిన ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో దాదాపు నశించవు. వెస్ట్ వర్జీనియాలో పార్కర్స్‌బర్గ్ దగ్గర ఆవులు చచ్చిపోతుంటే ఒక రైతు 1999లో డ్యూపాంట్ మీద కోర్టుకెక్కాడు. టెఫ్లాన్ తయారీలో వాడిన రసాయనం అక్కడి తాగునీళ్ళలో కలిసిందని ఆ దారిలోనే బయటపడింది. 2017లో వేల కేసులకి 67 కోట్ల డాలర్ల పైచిలుకు పరిహారం ఒప్పుకున్నారు. కాలిఫోర్నియా, న్యూయార్క్ 2025 జనవరి 1 నుంచి బట్టల్లో ఈ రసాయనాలు నిషేధించాయి, జడివానలాంటి కఠిన వాతావరణానికి చేసేవాటికి మాత్రం 2028 దాకా గడువిచ్చాయి. గోర్ కంపెనీ కూడా 2022 నుంచి ఫ్లోరిన్ లేని పొర తెస్తోంది. పురుగుమందు కలిసిన నీళ్ళంటే ఏంటో పల్నాటి వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే కొత్తది కొనేటప్పుడు ఈ రసాయనాలు లేవని రాసి ఉన్నదే అడగండి. ఆ కొత్త పూతలు త్వరగా అరిగిపోతాయి, ఉతికి మళ్ళీ పట్టించుకోవాలి. ఆ మాత్రం పని చేసుకోవచ్చు.

మరి నా ప్యాంటు? పదేళ్ళ కిందటిది, పాత రసాయనం పూసినదే. పారేసినా చెత్తలోంచి నేలలోకే పోతుందని అదే వాడుతున్నా. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుందంటారా? ఉంది మరి. కాకపోతే గొంగట్లో వెంట్రుకలు నేలలో కుళ్ళిపోతాయి. తాతయ్యది అటక మీదే భద్రంగా ఉంది, ఈసారి వెళ్ళినప్పుడు తెచ్చుకుంటా.