వలస పాలనలో చిల్లర దొంగతనాలు, కన్నపు నేరాలు: కృష్ణాతీర తెలుగు ప్రాంతం

వలస పాలన కాలంలో తెలుగు ఊళ్లలో జరిగిన చిల్లర దొంగతనాలు, ఇళ్లకు కన్నం వేసిన నేరాలు ఎలా నమోదయ్యాయో, అనుమానం ఎవరి మీదికి పోయిందో, శిక్ష ఎవరికి పడిందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులో ప్రధానంగా రెండు ప్రాంతాలున్నాయి. ఒకటి బ్రిటిష్ వారు నేరుగా ఏలిన మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలు. రెండోది బ్రిటిష్ రెసిడెంటు కనుసన్నల్లో నడిచిన నిజాం రాజ్యంలోని తెలంగాణ. ఈ రెండింటి సరిహద్దున కృష్ణానది పారే వీపనగండ్ల ప్రాంతంలో రెండు పద్ధతులూ పక్కపక్కనే అమల్లో ఉండేవి. ఆనాటి నేర నివేదికల్లో పోయిన సొత్తు వివరాలతో పాటు, ప్రభుత్వం ఏ కులాలను, ఏ సంచార జాతులను కనిపెట్టి చూసిందో కూడా కనిపిస్తుంది.

ప్రాంతం, అధికార పరిధులు

వీపనగండ్ల నేడు వనపర్తి జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. నిజాం కాలంలో ఈ చుట్టుపక్కల వనపర్తి, గద్వాల, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు సంస్థానాలు ఉండేవి. ఇవి నిజాముకు పేష్కష్ (కప్పం) చెల్లిస్తూ తమ హద్దుల్లో వసూళ్లు, కాపలా, తగవుల పరిష్కారం సొంతంగా చూసుకునేవి.

కృష్ణ అవతలి ఒడ్డు కథ వేరు. నిజాం 1800లో దత్త మండలాలనే జిల్లాలను ఈస్టిండియా కుంపిణీకి అప్పగించాడు. 1839లో కర్నూలు నవాబు పదవీచ్యుతుడయ్యాక నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఊళ్లు కూడా బ్రిటిష్ పాలన కిందికి వెళ్లాయి. అప్పటినుంచి ఈ ఒడ్డున ఒక చట్టం, ఆ ఒడ్డున మరో చట్టం. పుట్టి ఎక్కి ఏరు దాటినవాణ్ణి అవతలి పోలీసులు నేరుగా వచ్చి పట్టుకోవడానికి వీల్లేదు. రెసిడెంటు ద్వారా నడిచే అప్పగింత పద్ధతి ప్రకారం కాగితాలు కదలాల్సి వచ్చేది.

నేరాల వర్గీకరణ

1860లో తయారైన భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మామూలు దొంగతనానికి 379వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా, ఇంట్లో జరిగిన దొంగతనానికి 380 కింద ఏడేళ్ల దాకా శిక్ష వేసే వీలుండేది. దొంగసొత్తు అని తెలిసి పుచ్చుకున్నవారికి 411వ సెక్షన్ ఉండేది. రాత్రివేళ కన్నం వేసి దొంగతనం చేస్తే 457 కింద పద్నాలుగేళ్ల దాకా పడేది. ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది కలిసి దోపిడీ చేస్తే అది బందిపోటు నేరం. నిజాం రాజ్యం కూడా తర్వాత ఇదే నమూనాలో తన శిక్షాస్మృతిని రూపొందించుకుంది.

ఇంటి గోడకు కన్నం చేసి అందులోంచి చెయ్యి లోపలికి పెట్టడాన్నే 445వ సెక్షన్ తన మొదటి ఉదాహరణగా చూపింది. మన ఊళ్లలో మట్టిగోడల ఇళ్లకు జరిగింది అచ్చం ఇదే. దొంగ ద్వారబంధం పక్కన కన్నగత్తితో గోడ తొలిచి, చెయ్యి దూర్చి, లోపలి గడియ తీసేవాడు. లేదా మనిషి దూరేంత కన్నం వెనకగోడకు వేసేవాడు. పోయిన వస్తువులు ఎక్కువగా ఇత్తడి బిందెలు, చెంబులు, చీరలు, వెండి కడియాలు, గాదెలోని ధాన్యం. పోలీసులు కన్నం ఎత్తు, వెడల్పు, ఏ వైపు గోడకు వేశారు అన్నవి రాసుకునేవారు. కన్నం వేసిన తీరును బట్టి ఇది ఫలానా కులంవాళ్ల పని అని చెప్పవచ్చని వలస పోలీసుల నమ్మకం. పోలీసు అధికారి ఎఫ్.ఎస్. ముల్లలీ 1892లో మద్రాసు ప్రెసిడెన్సీ నేరస్థ వర్గాల మీద ప్రచురించిన పుస్తకం ఇలాంటి వర్ణనలతో నిండి ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లోకీ పోలీసుల కథనాలు చేరాయి. అనుమానంగా మొదలైన మాట ఆ విధంగా గ్రంథాల్లో శాస్త్రంగా నిలబడింది.

ఊరి కాపలా, జాడ తీయడం

ఠాణాలు రాకముందు దొంగతనం ఊరి బాధ్యత. ఊరి కావలివాడైన తలారి రాత్రి గస్తీ తిరిగేవాడు. ఊళ్లోకి ఏ కొత్తముఖం వచ్చినా ఊరిపెద్దకు చెప్పేవాడు. దొంగతనం జరిగితే అడుగుల జాడ పట్టుకుని పొలిమేర దాకా వెళ్లేవాడు. జాడ పక్క ఊరి పొలిమేరలోకి దిగితే బాధ్యత ఆ ఊరి తలారి మీద పడేది. కావలి రుసుము తీసుకునేవారు దొంగను పట్టలేకపోతే సొత్తు విలువ కట్టి ఇచ్చుకోవాల్సిన ఆచారం చాలాచోట్ల ఉండేది.

మద్రాసు ప్రభుత్వం 1816 నాటి 11వ రెగ్యులేషన్‌తో గ్రామ మునసబుకు చిన్న పోలీసు అధికారాలు ఇచ్చింది. చిల్లర తగాదాల్లో అతను పన్నెండు గంటల దాకా నిర్బంధించవచ్చు. కింది కులాలుగా లెక్కగట్టిన వారినైతే బొండకొయ్యలో బిగించవచ్చు. ఒకే తప్పుకు కులాన్ని బట్టి వేర్వేరు శిక్షలు ఇలా చట్టంలోకే ఎక్కాయి.

తెలంగాణ ఊళ్లలో ఈ పని పోలీసు పటేలుది. శిస్తు వసూలు మాలీ పటేలుది, లెక్కలు పట్వారీవి. వీరి కింద సేత్‌సింధీలనే ఊరి బంట్రోతులు, తలారులు ఉండేవారు. పోలీసు పటేలుగిరీ సాధారణంగా ఊళ్లోని పలుకుబడి గల భూస్వామి కుటుంబం చేతిలోనే వంశపారంపర్యంగా సాగింది. వెట్టికి రాని కూలి మీద, అప్పు తీర్చని రైతు మీద దొంగతనం మోపే అవకాశం కూడా అదే చేతుల్లో ఉండేది. ఈ వ్యవస్థ 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసేదాకా నిలిచింది.

ఠాణాకు చేరిన ఫిర్యాదు

మద్రాసులో 1855 నాటి చిత్రహింసల విచారణ సంఘం నివేదిక పెద్ద కలకలం రేపింది. శిస్తు రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ కింది ఉద్యోగులు జనాన్ని హింసిస్తున్నారని అది తేల్చింది. ఆ తర్వాత 1859 నాటి 24వ చట్టంతో శిస్తు శాఖ నుంచి వేరైన కొత్త పోలీసు శాఖ ఏర్పడింది. నిజాం రాజ్యంలో దివాను మొదటి సాలార్‌జంగ్ 1860ల నుంచి జిల్లాలను ఏర్పరచిన జిల్లాబందీ సంస్కరణలతో పాటు జిల్లా పోలీసు వ్యవస్థను నిలబెట్టాడు. 1880లలో ఉర్దూ పాలనా భాష అయ్యాక రైతు తెలుగులో చెప్పుకున్నది పోలీసు అధికారి అయిన అమీన్ ఠాణాలో ఉర్దూలో రాయించేవాడు. తన ఫిర్యాదులో ఏం రాశారో తెలియకుండానే రైతు వేలిముద్ర వేసి వచ్చేవాడు.

1898 నాటి నేరవిచారణ స్మృతి 45వ సెక్షన్ గ్రామపెద్ద, కరణం, కావలివాడు, భూస్వామి మీద ఒక విధి పెట్టింది. దొంగసొత్తు కొనేవారు ఊళ్లో కాపురం ఉన్నా, బెయిలివ్వరాని నేరం జరిగినా వెంటనే తెలియజేయాలి. 154వ సెక్షన్ కింద ప్రథమ సమాచార నివేదిక నమోదయ్యేది. అయితే కేసు పెద్దది కాదనుకుంటే దర్యాప్తు మానుకునే వీలు 157వ సెక్షన్‌లోనే ఉండేది. పట్టుబడని కేసులు ఎక్కువైతే ఠాణాకు చెడ్డపేరు కాబట్టి చెంబో, గంపెడు జొన్నలో పోయిన ఫిర్యాదు చాలాసార్లు పుస్తకంలోకి ఎక్కేది కాదు. సాక్ష్యానికి, మహజరుకు పదేపదే తిరగడం కన్నా ఊరుకోవడమే మేలని జనమూ అనుకునేవారు. ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన 1902–03లో పనిచేసిన పోలీసు కమిషన్ శాఖలో అసమర్థత, అవినీతి పేరుకున్నాయని తీవ్రంగా విమర్శించింది.

1872 సాక్ష్య చట్టం పోలీసు ముందు చేసిన నేరాంగీకారం చెల్లదంది. నిందితుడు చెప్పిన మాటతో సొత్తు దొరికితే మాత్రం ఆ మేరకు చెల్లుతుందని 27వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఇక దర్యాప్తు అంతా సొత్తు రాబట్టడం చుట్టూ తిరిగింది. దొంగతనం జరిగిన కొద్దిరోజుల్లో ఒకరి దగ్గర సొత్తు కనిపిస్తే వారే దొంగ, లేదా తెలిసి పుచ్చుకున్నవారు అని కోర్టు ఊహించవచ్చు. ఒకే రకం ఇత్తడి చెంబులు ప్రతి ఇంటా ఉండే ఊళ్లో ఈ ఊహ బీదవారికి ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

కరువు, ఉప్పు, రైలు

ఆకలి పెరిగినప్పుడల్లా ధాన్యపు దొంగతనాలు పెరిగాయి. 1876–78 మహాకరువులో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ధాన్యపు బండ్లు, కొట్లు, గాదెలు దోపిడీకి గురయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసు చరిత్రను పరిశోధించిన డేవిడ్ ఆర్నాల్డ్ గ్రామీణ నేరాలకు, ధరల పెరుగుదలకు, కరువులకు ఉన్న సంబంధాన్ని వివరంగా చూపాడు.

రెండో కారణం బతుకుతెరువు పోవడం. ఎరుకలవారు గాడిదల మీద, ఎడ్ల మీద కోస్తా ఉప్పును లోనాడుకు మోసుకెళ్లి ధాన్యానికి మార్చేవారు. గంపలు, బుట్టలు అల్లేవారు. లంబాడీలు వేల ఎడ్లతో ఉప్పు, ధాన్యం దూరదేశాలకు చేరవేసేవారు. ప్రభుత్వపు ఉప్పు గుత్తాధిపత్యం, రైళ్లు ఈ వర్తకాన్ని దెబ్బకొట్టాయి. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం వెదురుకూ మేతకూ అడ్డుపడింది. ఎరుకల గురించి మీనా రాధాకృష్ణ, నిజాం పాలనలోని లంబాడీల గురించి భంగ్యా భుక్యా చేసిన పరిశోధనలు ఈ క్రమాన్ని స్పష్టంగా చెబుతాయి. ముందు వర్తకం పోయింది, తర్వాత తిరుగుడే నేరమైంది.

నేరస్థ తెగల చట్టం

1871 నాటి 27వ చట్టం మొదట ఉత్తర భారతంలో అమలైంది. 1911 నాటి 3వ చట్టంతో మద్రాసుకూ వచ్చింది. 1924లో 6వ చట్టంగా దాన్ని క్రోడీకరించారు. దీని కింద ప్రభుత్వం ఒక తెగను మొత్తంగా నేరస్థ తెగ అని ప్రకటించవచ్చు. ఆ తెగవారి పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకునేవారు. రిజిస్టరుకెక్కినవారు చెప్పిన వేళకు పటేలు దగ్గరో ఠాణాలోనో హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. చట్టం జాబితాలోని నేరాల్లో రెండోసారి శిక్షపడితే ఏడేళ్లకు తగ్గకూడదు, మూడోసారి యావజ్జీవ ద్వీపాంతరం. వేరేవాడికి కొద్దినెలలతో పోయే కన్నపు నేరం వీరికి జీవితాన్నే మింగేది. పుట్టిన బిడ్డకు నేరంతో ఏ సంబంధం లేకపోయినా తెగ పేరు వెంట వచ్చేది. నిజాం ప్రభుత్వమూ ఇలాంటి నిబంధనలే తెచ్చింది.

సెటిల్‌మెంట్లు

ప్రకటిత తెగలను ఒకచోట కట్టడి చేసి పని చేయించడానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల, చీరాల మధ్య 1913–14లో వెలిసిన స్టువర్టుపురం వీటిలో ప్రసిద్ధం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది. అక్కడివారు వ్యవసాయంతో పాటు చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్లేవారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్, కృష్ణ ఒడ్డున సీతానగరంలో సాల్వేషన్ ఆర్మీ ఇలాంటివే నడిపాయి. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో మరొకటి ఉండేది. నిజాం రాజ్యంలో సెటిల్‌మెంటు నేటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాలలో, అంటే వీపనగండ్ల ఉన్న పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది.

పత్రికలు, సాహిత్యం

కృష్ణా పత్రిక (1902), ఆంధ్రపత్రిక (1908), హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక (1926) వచ్చాక ఊరి ఫిర్యాదులకు ఠాణా కాక మరో వేదిక దొరికింది. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి నవల మాలపల్లి దళిత కుటుంబ జీవితంతో పాటు సెటిల్‌మెంటు బతుకును కూడా చిత్రించింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

రద్దు, తర్వాతి కాలం

మద్రాసు రాష్ట్రం 1947లో నేరస్థ తెగల చట్టాన్ని రద్దు చేసింది. తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949–50లో పనిచేసిన విచారణ సంఘం దేశమంతటా రద్దుకు సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం తొలగిపోయింది. ఆ ముద్ర నుంచి బయటపడ్డ విముక్త జాతులు ఆ రోజును పండుగగా జరుపుకుంటాయి. అయితే అలవాటు నేరస్థుల చట్టాల పేరుతో నిఘా కొనసాగింది. స్టువర్టుపురంలో సంఘ సంస్కర్తలు లవణం, కవి జాషువా కుమార్తె హేమలతా లవణం దంపతులు 1970ల నుంచి పునరావాసం కోసం కృషి చేశారు. తెలంగాణలో ఎరుకల, లంబాడీలకు 1976 చట్టంతో షెడ్యూల్డు తెగల గుర్తింపు దక్కింది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ఒక మార్పు తెచ్చింది. 5,000 రూపాయల లోపు సొత్తును తొలిసారి దొంగిలించి, తిరిగి ఇచ్చేసినవారికి సమాజసేవను శిక్షగా పెట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు నిబంధనల్లోని కుల వివక్షను కొట్టివేసింది. విముక్త జాతులను పుట్టుకతో అలవాటు నేరస్థులుగా చూసే రాతలు చెల్లవంది.

అంచనా

పాత నేర నివేదికలను చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. నమోదైన సంఖ్య జరిగిన నేరాల సంఖ్య కాదు. రాసినవాడు ఊళ్లో ఎవరి పక్షమో కాగితం చెప్పదు. నిందితుడి కులం ఆ కాగితంలో కనిపిస్తే అది పోలీసులు అనుమానించారనడానికి సాక్ష్యమే, నేరానికి రుజువు కాదు. సొత్తు పోగొట్టుకున్న బీద ఇంటి నష్టం నిజం, దానికి న్యాయం జరగాల్సిందే. కానీ దొంగ ఒక మనిషి, జాతి కాదు. కృష్ణాతీరపు ఊళ్ల చరిత్ర రాసేవారు ఈ తేడా మరిచి పాత పోలీసుల మాటలను యథాతథంగా ఎత్తిరాస్తే, రద్దైన చట్టాన్ని తమ చేతులతో తిరిగి అమలు చేసినట్టే.