చందాలతో మొదలైన ఆకాశయాత్ర: అమెరికా ఔత్సాహిక ఖగోళ చరిత్ర

1825లో అమెరికా అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ దేశానికి ఒక జాతీయ వేధశాల కావాలని కాంగ్రెస్‌ను కోరారు. వేధశాలలను ఆకాశపు దీపస్తంభాలుగా వర్ణించినందుకు ప్రత్యర్థులు ఆయన్ను ఏళ్ల తరబడి ఎగతాళి చేశారు. నిధులు మాత్రం రాలేదు. యూరప్‌లో రాజులు వేధశాలలు కట్టించారు. అమెరికాలో ఆ పనిని చాలాచోట్ల ఊరి జనమే తలకెత్తుకున్నారు. నక్షత్రాల మీద ఇష్టం ఉన్నవాళ్లు కూడి, చందాలు వేసుకుని, తాము చూసింది పదిమందికీ చూపించే అలవాటు ఈ దేశంలో అలా మొదలైంది.

దానికి తొలి పెద్ద ఉదాహరణ ఓహైయో నది ఒడ్డున ఉన్న సిన్సినాటి. 1842లో అక్కడి కాలేజీలో గణితం చెప్పే ఆర్మ్స్‌బీ మిచెల్ ఖగోళం మీద బహిరంగ ఉపన్యాసాలు ఇచ్చారు. హాలు పట్టనంత జనం వచ్చారు. ఆ ఉత్సాహం చల్లారకముందే ఆయన ఇల్లిల్లూ తిరిగి, 25 డాలర్ల వాటాలు అమ్మారు. డాక్టర్లు, వకీళ్లతో పాటు కిరాణా వ్యాపారులు, వడ్రంగులు కూడా వాటాలు కొన్నారు. చేతిలో డబ్బు లేనివాళ్లు కట్టడం పనిలో కూలి చేసి తమ వాటా చెల్లించారు. మిచెల్ జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి, 11 అంగుళాల లెన్సున్న టెలిస్కోపుకు బయానా ఇచ్చి వచ్చారు. 1843 నవంబరులో వేధశాలకు శంకుస్థాపన చేసింది 76 ఏళ్ల ఆడమ్స్. పద్దెనిమిదేళ్ల కింద నవ్వులపాలైన కోరికను ఒక ఊరి ప్రజలు తీరుస్తుంటే చూడటానికి ఆయన ఆ వయసులో అంత దూరం ప్రయాణం చేశారు. ఆ కొండకు తర్వాత ఆయన పేరే పెట్టారు. బొగ్గు పొగ కమ్మేయడంతో 1873లో వేధశాలను ఊరి బయటికి మార్చారు. ఆ టెలిస్కోపు నేటికీ సందర్శకులకు ఆకాశాన్ని చూపిస్తూనే ఉంది.

శాస్త్రానికి కొత్త సంగతి అందించడానికీ పెద్ద వేధశాలే ఉండాలన్న నియమం లేకపోయింది. 1847 అక్టోబరు 1న నాన్‌టకెట్ ద్వీపంలో మరియా మిచెల్ అనే లైబ్రేరియన్ తన ఇంటివారు వాడుకునే టెలిస్కోపుతోనే ఒక తోకచుక్కను కనిపెట్టారు. డెన్మార్క్ రాజు ఆమెకు బంగారు పతకం ఇచ్చారు. 1865లో కొత్తగా తెరిచిన వాసర్ మహిళా కళాశాలలో ఆమె ఖగోళశాస్త్ర ఆచార్యులయ్యారు.

పండితులూ ఔత్సాహికులూ ఒకే సంఘంగా ఏర్పడటానికి ఒక గ్రహణం కారణమైంది. 1889 జనవరి 1న ఉత్తర కాలిఫోర్నియాలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. లిక్ వేధశాల శాస్త్రవేత్తలతో పాటు ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లు కూడా దాన్ని ఫొటోలు తీశారు. కలిసి చేసిన ఆ పని అక్కడితో ఆగిపోకూడదని ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ది పసిఫిక్‌ను స్థాపించారు. తోకచుక్క కనిపెట్టినవారికి ఈ సంఘం అప్పట్లో ఇస్తుండిన డొనహో పతకం 1949లో హైదరాబాద్‌లో చదువుకున్న ఒక యువకుడికి దక్కింది. ఆయనే వైను బప్పు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో టెలిస్కోపుల మధ్యే పెరిగారు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్ చేరిన ఏడాదే, తాను తీసిన ఒక ఫొటో పలకపై తోకచుక్కను గుర్తించారు. అక్కడి సహచరులు బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్‌ల పేర్లతో కలిపి దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అని పేరు పెట్టారు.

ఔత్సాహికుల శ్రమ శాస్త్రానికి ఎంత అవసరమో కాంతి మారే నక్షత్రాల విషయంలో బాగా తెలుస్తుంది. కొన్ని తారలు నెలల తరబడి మసకబారి, మళ్లీ వెలుగుతాయి. అవి వేలల్లో ఉన్నాయి. వాటన్నిటినీ రాత్రిరాత్రీ కనిపెట్టి ఉండటం కొద్దిమంది ఉద్యోగులకు సాధ్యం కాదు. అందుకే హార్వర్డ్ వేధశాల డైరెక్టర్ ఎడ్వర్డ్ పికరింగ్ ప్రోత్సాహంతో, కనెటికట్‌కు చెందిన వకీలు విలియం టైలర్ ఆల్కాట్ 1911లో ఏఏవీఎస్‌ఓ అనే పరిశీలకుల సంఘాన్ని ప్రారంభించారు. చేయాల్సింది చిన్న పనే. కాంతి తెలిసిన పక్క తారలతో పోల్చి, ఈ తార ఎంత వెలుగుతోందో అంచనా కట్టి, సమయంతో సహా రాసి పంపాలి. అలా పోగైన లెక్కలు ఇప్పుడు కోట్లలో ఉన్నాయి. ఓహైయోలోని డెల్ఫాస్ దగ్గర పొలంలో పెరిగిన లెస్లీ పెల్టియర్, కుర్రతనంలో స్ట్రాబెర్రీలు కోసి సంపాదించిన 18 డాలర్లతో రెండంగుళాల టెలిస్కోపు కొన్నారు. 1918లో తొలి పరిశీలన పంపారు. జీవితకాలంలో ఆయన పంపినవి లక్షా ముప్పైవేలకు పైమాటే.

కొనలేనివాళ్లు సొంతంగా చేసుకోవడం తర్వాతి ఘట్టం. వెర్మాంట్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేత్‌లు, యంత్రపరికరాలు తయారుచేసే ఊరు. అంగుళంలో వెయ్యోవంతు తేడాను పట్టుకోవడం అక్కడి కార్మికులకు రోజువారీ పని. ఉత్తరధ్రువ యాత్రల్లో పాల్గొన్న రసెల్ పోర్టర్ 1920లో వారికి అద్దం అరగదీయడం నేర్పించారు. గుండ్రటి గాజుబిళ్లలు రెండు ఒక పీపా మీద ఒకదానిపై ఒకటి పెట్టి, నడుమ కార్బోరండం పొడి, నీళ్లు వేసి, పై బిళ్లను ముందుకూ వెనక్కూ నడుపుతూ, పీపా చుట్టూ తిరుగుతూ రుద్దాలి. గంటలు గడిచేకొద్దీ పై బిళ్ల మధ్యలో గుంటపడుతుంది, కింది బిళ్ల ఉబ్బుతుంది. వ్యాసానికి ఎనిమిది రెట్ల నాభ్యంతరం ఉండే ఆరంగుళాల అద్దానికి నడిమి లోతు మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఆ తర్వాత తారు లాంటి పిచ్ పూసిన పలక మీద మెరుగు పెట్టి, చీకటి గదిలో సన్నటి వెలుగు రంధ్రం, కత్తి అంచు సాయంతో పరీక్షిస్తారు. అద్దం మీద వేలు కాసేపు ఆనించి తీస్తే చాలు, ఆ వేడికి గాజు ఉబ్బి, నీడలో మెట్టలా కనిపిస్తుంది. చల్లారాక మాయమవుతుంది. కాంతి తరంగంలో చిన్న వంతు లోపాన్ని కూడా ఇంట్లోని సామాన్లతోనే కళ్లారా చూడగలగడం ఆ కార్మికులను ఆశ్చర్యపరిచింది.

వారు 1923లో సంఘం పెట్టుకుని, మరుసటేడు కొండ మీద స్టెల్లఫేన్ అనే గులాబీ రంగు ఇల్లు కట్టుకున్నారు. సైంటిఫిక్ అమెరికన్ పత్రిక సంపాదకుల్లో ఒకరైన ఆల్బర్ట్ ఇంగల్స్ 1925 నవంబరు సంచికలో వారి గురించి రాయగానే, తయారీ పద్ధతి చెప్పమని దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. 1926లో మొదలైన స్టెల్లఫేన్ వేసవి సమావేశానికి ఔత్సాహికులు నేటికీ తమ చేతులతో చేసిన టెలిస్కోపులు పట్టుకొస్తారు. పోర్టర్ 1928లో కాలిఫోర్నియా వెళ్లి, పాలమార్ కొండ మీది 200 అంగుళాల టెలిస్కోపు రూపకల్పనలో పాలుపంచుకున్నారు.

ఆ రోజుల్లోనే కాన్సస్‌లో క్లైడ్ టాంబో అనే రైతుబిడ్డ తొమ్మిదంగుళాల టెలిస్కోపు తయారుచేశాడు. అద్దాన్ని పరీక్షించడానికి గాలి కదలని చోటు కావాలని పొలంలో తనే గొయ్యి తవ్వాడు. పాత కారు భాగాలు, పాలమీగడ తీసే యంత్రం భాగాలు దాని స్టాండుకు పనికొచ్చాయి. వడగళ్లకు పంట పోవడంతో కాలేజీ చదువు అందలేదు. తాను చూసి గీసిన కుజ, గురు గ్రహాల బొమ్మలను అరిజోనాలోని లోవెల్ వేధశాలకు పంపితే, వాళ్లు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. 1930 ఫిబ్రవరి 18న అతడు ప్లూటోను కనిపెట్టాడు.

అంతరిక్షయుగం కూడా ఔత్సాహికులను పక్కన పెట్టలేదు. కృత్రిమ ఉపగ్రహాలు రాబోతున్నాయని తెలిసి, స్మిత్సోనియన్ వేధశాల డైరెక్టర్ ఫ్రెడ్ విపుల్ 1956లో ‘మూన్‌వాచ్’ దళాలను కూడగట్టారు. టీచర్లు, విద్యార్థులు, గృహిణులు వరసగా కూర్చుని, చిన్న టెలిస్కోపులతో ఆకాశంలో దడి కట్టినట్టు కాపు కాసేవారు. ఉపగ్రహం ఎవరి ముందు నుంచి, ఏ క్షణాన దాటిందో నమోదు చేసేవారు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరేసరికి ఈ ఏర్పాటు సిద్ధంగా ఉంది. 1975 వరకూ కొనసాగింది.

టెలిస్కోపును వీధిలోకి తెచ్చిన మనిషి జాన్ డాబ్సన్. బీజింగ్‌లో పుట్టి, బర్క్‌లీలో రసాయనశాస్త్రం చదివి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో చేరారు. ఓడ కిటికీకి వాడే మందపాటి గాజును అరగదీసి అద్దం చేశారు. కాంక్రీటు స్తంభాలు పోసే అట్ట గొట్టాన్ని టెలిస్కోపు గొట్టంగా మార్చారు. ప్లైవుడ్ పెట్టెలో, జారుడు టెఫ్లాన్ ముక్కల మీద అది చేత్తో తోస్తే తిరిగేది. టెలిస్కోపుల మీద గడిపే సమయం వివాదమై 1967లో మఠం వీడాల్సి వచ్చింది. మరుసటేడు మిత్రులతో కలిసి సైడ్‌వాక్ ఆస్ట్రనామర్స్ సంఘం పెట్టి, దారిన పోయేవాళ్లను పిలిచి చంద్రుణ్ణీ శనినీ చూపించారు. తన డిజైన్‌కు పేటెంట్ తీసుకోలేదు. అందుకే పెద్ద అద్దాల టెలిస్కోపు మామూలు జీతగాళ్లకు అందుబాటులోకి వచ్చింది. ‘డాబ్సోనియన్’ పేరుతో ఆ నమూనా నేడు ప్రపంచమంతా ఉంది.

పంచుకోవడం వల్ల చూపించినవారికీ చూసినవారికీ కూడా ఫలితం దక్కుతుందని 1995 జులై 23 రాత్రి మళ్లీ రుజువైంది. సొంత టెలిస్కోపు లేని థామస్ బాప్ అరిజోనా ఎడారిలో మిత్రులతో కలిసి వారి టెలిస్కోపులో ధనూరాశిలోని ఒక నక్షత్రగుచ్ఛాన్ని చూస్తూ, పక్కన మసక మచ్చను గమనించారు. అదే రాత్రి న్యూమెక్సికోలో అలన్ హేల్ కూడా దాన్నే చూశారు. 1997లో తెలుగునాట కూడా సాయంత్రాల్లో వట్టి కంటికి కనిపించిన హేల్–బాప్ తోకచుక్క అదే.

ఇప్పుడు ఈ సంఘాల ముందున్న పెద్ద పని చీకటిని కాపాడటం. లోవెల్ వేధశాల ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ నగరం 1958లోనే సెర్చ్‌లైట్లను నిషేధిస్తూ చట్టం చేసింది. 1988లో అరిజోనాలోని టూసాన్‌లో ఒక ఖగోళ శాస్త్రవేత్త, ఔత్సాహికుడైన ఒక వైద్యుడు కలిసి అంతర్జాతీయ డార్క్ స్కై సంఘాన్ని స్థాపించారు. 2001లో దాని తొలి గుర్తింపు ఫ్లాగ్‌స్టాఫ్‌కే దక్కింది. వీధిదీపానికి పైన కప్పు వేసి వెలుగును నేలకు మళ్లించడం, అవసరం లేని వేళ ఆర్పేయడం వంటి చిన్న మార్పులే వారు నగర పాలకులను అడుగుతారు. ఆ మార్పులకు ఖర్చు తక్కువ, కరెంటు కూడా ఆదా అవుతుంది. సిన్సినాటి వేధశాలను పొగ తరిమినట్టు, ఈనాటి వేధశాలలను వెలుగు తరమకుండా చూడటమే వారి ప్రయత్నం.