జుబాన్ మీది గుస్సా ఎటు తిరిగింది? బెల్జియం నేర్పే సబక్



మా పెద్దాపా కొడుకు బెల్జియంలోని లూవెన్ పట్టణంలో చదువుకుంటున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా అక్కడి తమాషాలు చెబుతుంటాడు. “మామూ, ఇక్కడ రైలెక్కితే అనౌన్స్‌మెంట్ డచ్ జుబాన్‌లో వస్తుంది. అరగంట పోయాక కనిపించని గీత ఏదో దాటుతుంది. అంతే, అదే రైల్లో అదే మనిషి ఫ్రెంచ్‌లో మాట్లాడతాడు. ఇక్కడ ‘లుయిక్’ అని రాసిన ఊరే అక్కడ ‘లియేజ్’ అవుతుంది. ముల్క్ ఒకటే, టికెట్ ఒకటే” అని నవ్వాడు ఒకసారి.

ఇంకోసారి మాత్రం నవ్వలేదు. వాడుండే ఇంటి యజమానురాలు ఒక ముసలావిడ. వీడికి జ్వరమొస్తే షోర్బా కాచి మెట్లెక్కి తెచ్చి ఇచ్చిన మనిషి. 2024 జూన్ ఎన్నికలప్పుడు ఆమె ఇంటి ముందు ఒక పార్టీ బోర్డు వెలిసింది. వ్లామ్స్ బెలాంగ్. ఫ్లాండర్స్‌ని వేరే దేశం చేయాలనీ, బయటినుంచి వచ్చినవాళ్లని, ముఖ్యంగా మన ముసల్మానుల్ని కట్టడి చేయాలనీ అడిగే పార్టీ అది.

“మామూ, జుబాన్ కోసం కొట్లాడినవాళ్లే కదా వీళ్లు. మన తెలంగాణలో మనమూ హక్కుల కోసం కొట్లాడాం కదా. మరి వీళ్లకి మన మీద ఈ నఫ్రత్ ఎందుకు?” అని అడిగాడు.

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని చదివాను. చదివింది మీ అందరితోనూ పంచుకుంటున్నాను. మన ఇళ్లలోంచి ఇప్పుడు యూరప్‌కి వెళ్లే పిల్లలు చాలామంది. వాళ్లు అడుగుపెట్టే నేల తారీఖ్ మనకి తెలిసి ఉండటం మంచిది.

ముందు ముల్క్ నక్షా చూద్దాం. బెల్జియం జనాభా కోటీ పద్దెనిమిది లక్షల దాకా ఉంటుంది. ఉత్తరాన ఫ్లాండర్స్, అక్కడ డచ్ మాట్లాడతారు. మొత్తం జనాభాలో సగానికి పైగా వాళ్లే. దక్షిణాన వాలోనియా, అక్కడ ఫ్రెంచ్. నడుమ రాజధాని బ్రస్సెల్స్. కాగితం మీద రెండు భాషల నగరం, బజారులో ఎక్కువగా ఫ్రెంచ్. తూర్పు అంచున కొద్దిమంది జర్మన్ మాట్లాడేవాళ్లూ ఉన్నారు.

1830లో ఈ దేశం నెదర్లాండ్స్ నుంచి విడిపోయి పుట్టింది. మరుసటి ఏడాది మొదటి లియోపోల్డ్ రాజయ్యాడు. అప్పుడు హుకూమత్ జుబాన్ ఒక్క ఫ్రెంచే. అదాలత్, ఫౌజ్, యూనివర్సిటీ, పెద్ద దఫ్తర్లు, అన్నీ ఫ్రెంచ్‌లోనే. జనంలో ఎక్కువమంది డచ్ మాండలికాలు మాట్లాడేవాళ్లే అయినా, ఫ్లాండర్స్‌లోని డబ్బున్న ఖాందాన్‌లు కూడా ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడటమే ఇజ్జత్ అనుకునేవి. డచ్ అంటే రైతుల భాష, నౌకర్ల భాష. ఇది రెండు ప్రాంతాల జగడం మాత్రమే కాదు. పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య జగడం కూడా.

దానికి తోడు ఫ్లాండర్స్ గరీబు నేల. 1840లలో ఆలుగడ్డ పంటకి తెగులు పట్టి ఆకలితో జనం పోయారు. వాలోనియాలో బొగ్గు ఉంది, ఇనుము ఉంది. యూరప్‌లోనే తొలి కార్ఖానాలు వెలిసిన చోట్లలో అదొకటి. ఫ్లాండర్స్ మజ్దూర్లు మూటాముల్లె కట్టుకుని అక్కడి గనులకి వలస పోయారు. భాష రాదు, కూలి తక్కువ, ఎగతాళి ఎక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

1860లో ఒక కేసు జరిగింది. యాన్ కూకె, పీటర్ గోతాల్స్ అనే ఇద్దరు ఫ్లెమిష్ కూలీలపై వాలోనియాలో హత్యానేరం మోపారు. విచారణ అంతా ఫ్రెంచ్‌లో నడిచింది. వాళ్లకి ఆ భాష రాదు. షార్లెరువా పట్టణంలో ఇద్దరి తలలూ తీశారు. తర్వాత వేరే ముఠా పట్టుబడటంతో అసలు వీళ్లు దోషులేనా అన్న అనుమానం పుట్టింది. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు. తనని ఎందుకు చంపుతున్నారో తన జుబాన్‌లో వినలేని మనిషి కథ మాత్రం జనం గుండెలో ముల్లులా దిగింది. 1873లో ఫ్లాండర్స్ క్రిమినల్ కోర్టుల్లోకి డచ్ వచ్చింది. 1898లో కానూన్లు రెండు భాషల్లోనూ సమానమన్నారు. ఘెంట్ యూనివర్సిటీ పూర్తిగా డచ్‌లోకి మారడానికి 1930 దాకా ఆగాల్సి వచ్చింది. దేశం పుట్టిన వందేళ్లకి!

మొదటి ప్రపంచ యుద్ధంలో యీజర్ నది ఒడ్డున కందకాల్లో ఫ్లెమిష్ సిపాయిలు, వాళ్ల మీద ఎక్కువగా ఫ్రెంచ్ మాట్లాడే అఫ్సర్లు. హుకుం అర్థంకాకే వేలమంది చచ్చారని ఒక కథ పుట్టింది. అందులో అతిశయం ఉందంటారు చరిత్రకారులు. కానీ అవమానం నిజం. ఆ సిపాయిల యాద్‌లో డిక్స్‌మౌడె ఊళ్లో కట్టిన బురుజు ఫ్లెమిష్ ఉద్యమానికి జియారత్ స్థలం లాంటిదయింది.

ఇక్కడ నేను నా ఇంటి సంగతి ఒకటి చెప్పకపోతే బేఈమానీ అవుతుంది. మాది నల్గొండ వైపు. మా దాదాజాన్ నిజాం జమానాలో ఉర్దూ చదివి ఒక దఫ్తర్‌లో చిన్న గుమాస్తాగా చేశారు. సర్కారీ కాగితాలన్నీ ఉర్దూలోనే. తెలుగు తప్ప మరోటి రాని రైతు తన భూమి కాగితం తానే చదువుకోలేక మా దాదా ముందు నిలబడేవాడట. చదివి చెప్పినందుకు గుమ్మడికాయో, కోడిపెట్టో ఇచ్చేవాడట. మా ఇంట్లో ఇది మురిపెంగా చెప్పుకునే కథ. బెల్జియం సంగతి చదివాకే ఆ కథలో నిలబడ్డ రైతు ముఖం నాకు మొదటిసారి కనిపించింది. మా దాదా గరీబే, జాలిమ్ కాదు. కానీ ఆ దఫ్తర్‌లో మా జుబాన్ కుర్చీలో కూర్చుంది, రైతు జుబాన్ గడప బయట నిలబడింది. 1948 తర్వాత ఆ పాత గుస్సా నవాబుల మీదకన్నా మా దాదా లాంటి చిన్నవాళ్ల మీదే ఎక్కువగా పడింది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచకూడదు.

మళ్లీ బెల్జియం. గుస్సా న్యాయమైనదే అయినా అది ఎవరి చేయి పట్టుకుని నడుస్తుందన్నది ముఖ్యం. 1933లో ఫ్లెమిష్ జాతీయవాదుల పార్టీ ఒకటి పుట్టింది. దాన్ని వీఎన్‌వీ అనేవారు. జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక అది నాజీలతో చేతులు కలిపింది. ఉద్యమంలో అందరూ అలా చేయలేదు. వాలోనియాలోనూ లియోన్ డెగ్రెల్ లాంటి నాజీ తొత్తులున్నారు. యుద్ధం ముగిశాక ఇలాంటివాళ్లకి శిక్షలు పడ్డాయి. ఆ శిక్షలు ఫ్లెమిష్ జాతి మీద కక్ష అని కొన్ని ఇళ్లలో పిల్లలకి నూరిపోశారు. వాళ్లందరికీ ఆమ్ మాఫీ ఇవ్వాలన్న డిమాండ్ అక్కడినుంచే వచ్చింది.

1962-63లో భాషల మధ్య సరిహద్దు గీత ఖాయమయింది. మా వాడు రైల్లో దాటే గీత అదే. ఇక 1968. లూవెన్ యూనివర్సిటీలో ఫ్రెంచ్ విభాగం వెళ్లిపోవాలని విద్యార్థులు రోడ్డెక్కారు. “వాలెన్ బైటెన్” అన్నారు, అంటే వాలూన్లు బయటికి. మనకి “తెలంగాణవాలే జాగో, ఆంధ్రావాలే భాగో” తెలుసు. చెవికి రెండూ చుట్టాల్లాగే వినిపిస్తాయి. ప్రభుత్వం కూలింది, యూనివర్సిటీ రెండయింది. ఫ్రెంచ్‌వాళ్ల కోసం లూవెన్-లా-నవ్ అనే కొత్త ఊరే కట్టారు. రెండు యుద్ధాల్లో రెండుసార్లు కాలిపోయి మళ్లీ లేచిన కుతుబ్‌ఖానా అది. దాని కితాబుల్ని సరి సంఖ్యలు ఒకరికి, బేసి సంఖ్యలు ఒకరికి అని పంచుకున్నారు. అన్నదమ్ములు ఇల్లు పంచుకునేటప్పుడు తలుపు రెక్కలు పంచుకున్నట్టు.

ఆ తర్వాత పార్టీలే చీలాయి. క్రైస్తవ డెమోక్రాట్లు, లిబరల్స్, సోషలిస్టులు, అందరూ 1978 నాటికి భాషవారీగా విడిపోయారు. 1970 నుంచి రాజ్యాంగాన్ని విడతలు విడతలుగా మార్చి, 1993లో బెల్జియం ఫెడరల్ ముల్క్ అని మొదటి ఆర్టికల్‌లోనే రాసుకున్నారు. ఫ్లాండర్స్‌కి సొంత పార్లమెంటు, సొంత ప్రభుత్వం వచ్చాయి. పెద్దగా రక్తపాతం లేకుండా ఇంత తక్సీమ్ చేసుకున్నారు. ఆ తారీఫ్ మనం చేయాల్సిందే.

ఈలోగా తరాజు తిరగబడింది. వాలోనియా బొగ్గు గనులు మూతపడ్డాయి, ఉక్కు చల్లబడింది. ఆంట్‌వర్ప్ ఓడరేవు, కొత్త కార్ఖానాలతో ఫ్లాండర్స్ అమీరయింది. “మన పన్నుల పైసా దక్షిణానికి పోతోంది” అన్నది కొత్త ఫిర్యాదు. నిన్నటి గరీబు ఇవాళ లెక్కలు అడుగుతున్నాడు.

వ్లామ్స్ బ్లాక్ పుట్టింది ఈ గాలిలోనే. 1977లో ఎగ్మాంట్ ఒప్పందం కుదిరింది. ఫ్లెమిష్ జాతీయవాదుల పాత పార్టీ ఫోల్క్స్‌యూనీ అందులో మరీ తగ్గిపోయిందని కోపగించి కారెల్ డిల్లెన్ అనే నాయకుడు బయటికి వచ్చాడు. 1978 ఎన్నికల్లో వాళ్లకి ఒక్క సీటు. మొదట్లో వాళ్ల డిమాండ్లు పాతవే: ఫ్లాండర్స్‌కి ఆజాదీ, దాని రాజధానిగా బ్రస్సెల్స్, నాజీలతో కలిసినవాళ్లకి మాఫీ. 1993లో చెక్‌లు, స్లొవాక్‌లు విడిపోయాక, అలాగే మర్యాదగా విడిపోదామనే మాట కూడా వచ్చి చేరింది. కానీ ఆజాదీ మాటతో పెద్దగా ఓట్లు రాలలేదు. ఓట్లు తెచ్చిన మాట వేరు. “ఐఖన్ ఫోల్క్ ఏర్స్ట్”, మనవాళ్లే ముందు.

మనవాళ్లు కానిది ఎవరు? వాలూన్లు కాదు, మొరాకోవాళ్లు, తుర్కులు. వాళ్లేమీ పిలవకుండా వచ్చినవాళ్లు కాదు. 1956లో వాలోనియాలోని మార్సినెల్ గనిలో 262 మంది చనిపోయారు. అందులో 136 మంది ఇటలీ మజ్దూర్లు. ఇటలీ తన మనుషుల్ని పంపడం ఆపేసింది. గనుల్లో దిగడానికి చేతులు కావాలి. 1964లో బెల్జియం మొరాకోతో, తుర్కీతో ఒప్పందాలు రాసుకుని మజ్దూర్లని పిలిపించుకుంది. ఫ్లాండర్స్‌లోని లింబర్గ్ గనుల్లో, హెంక్, బేరింగెన్ లాంటి ఊళ్లలో మనవాళ్లు నేల కిందికి దిగారు. 1974లో కొత్తవాళ్లని తెచ్చుకోవడం ఆపేశారు. అదే ఏడాది ఇస్లాంని కానూన్ ప్రకారం గుర్తించారు. పశ్చిమ యూరప్‌లో ఆ పని ముందుగా చేసిన ముల్కుల్లో అదొకటి.

గనులు మూతపడ్డాయి, మజ్దూర్ల పిల్లలు మిగిలారు. 1991 నవంబర్ 24న వ్లామ్స్ బ్లాక్ రెండు సీట్ల నుంచి పన్నెండుకి ఎగబాకింది. ఆ రోజుని అక్కడ నల్ల ఆదివారం అంటారు. 1992లో ఫిలిప్ డెవింటర్ పేరుతో 70 అంశాల పథకం వచ్చింది. వలసవాళ్లని వాపస్ పంపాలి, ఇస్లాం గుర్తింపు తీసేయాలి, వాళ్ల పిల్లల చదువు వేరుగా ఉండాలి, ఇదీ దాని సారం. తమ భాష మాట్లాడే పిల్లలకి బళ్లో ఇజ్జత్ కావాలని వందేళ్లు కొట్లాడిన ఉద్యమం కడుపున, ఇంకొకరి పిల్లల్ని బళ్లో వేరుగా కూర్చోబెట్టమనే కాగితం పుట్టింది.

మిగతా పార్టీలు వీళ్లతో అధికారం పంచుకోమని 1989 నుంచే మాట అనుకున్నాయి. ఆ మాట మీద నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఫ్లెమిష్‌వాళ్లే అని మరిచిపోకూడదు. 2004 ఏప్రిల్‌లో ఘెంట్ అప్పీలు కోర్టు, ఈ పార్టీకి చెందిన మూడు సంస్థలు జాతి వివక్ష కానూన్‌ని తప్పాయని ఫైస్లా ఇచ్చింది. నవంబర్‌లో పై కోర్టు ఖాయం చేసింది. కొద్ది రోజుల్లోనే పార్టీ పేరు మార్చుకుని వ్లామ్స్ బెలాంగ్ అయింది. ఆ రెండు తీర్పుల మధ్య జూన్‌లో జరిగిన ఫ్లాండర్స్ ఎన్నికల్లో వాళ్లకి వచ్చింది సుమారు 24 శాతం. అదాలత్ నఫ్రత్‌ని నేరమనగలదు గానీ దిల్లోంచి తీసేయలేదు.

2024 జూన్‌లో ఫ్లాండర్స్ పార్లమెంటులో 124 సీట్లకి 31 వీళ్లవి. అదే అక్టోబర్‌లో నినొవె పట్టణంలో వీళ్ల మనిషి సొంత అక్సరియత్‌తో గెలిచాడు. దేశానికి ప్రధాని అయింది మాత్రం ఇంకో ఫ్లెమిష్ జాతీయవాద పార్టీ ఎన్‌వీఏ నాయకుడు బార్ట్ డి వేవర్, 2025 ఫిబ్రవరిలో. దేశం నెమ్మదిగా కరిగిపోవాలని కోరుకున్న మనిషే దేశాన్ని నడుపుతున్నాడు.

ప్రతి ఇబ్బందినీ ఒక్క పార్టీ ఖాతాలో వేయడం కూడా తప్పే. స్పృహ తప్పించకుండా జబీహా చేయకూడదని ఫ్లాండర్స్ 2019లో ఆంక్ష పెట్టింది. దానికి అక్కడి పార్లమెంటులో దాదాపు అందరూ చేయెత్తారు. వాలోనియా కూడా అదే ఏడాది అదే దారి పట్టింది. బ్రస్సెల్స్ 2022లో వద్దంది. ముస్లింలు, యూదులు కలిసి కోర్టుకెళ్లి యూరప్ కోర్టుల్లో ఓడిపోయారు. కుర్బానీ రోజుల్లో మా వాడికి ఇది తెలిసొచ్చింది.

ఇదంతా ఫోన్‌లో చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. “మరి ఆ ముసలావిడతో నేనేం మాట్లాడను మామూ?” అన్నాడు చివరికి. “వాళ్ల నాన్న ఏం పని చేసేవాడో అడుగు” అన్నాను.

రెండు వారాలకి ఫోన్ వచ్చింది. వాళ్ల నాన్న లియేజ్ దగ్గర బొగ్గు గనిలో పని చేశాడట. ఆదివారం రాత్రి వెళ్లి శనివారం వచ్చేవాడట. అక్కడ తన భాషని ఎగతాళి చేస్తారని రైల్లో నోరు మెదిపేవాడు కాదట. ఇది చెబుతూ ఆమె ఏడ్చిందట. అప్పుడు మా వాడు ఇంకో మాట చెప్పాడు. వాడి దోస్తు ఒకడు హెంక్ నుంచి వస్తాడనీ, వాడి తాత మొరాకో నుంచి వచ్చి గనిలో పని చేశాడనీ, ఆ తాత కూడా బస్సులో నోరు మెదపడనీ. ఆమె ఏమీ అనలేదట. షోర్బా గిన్నె తీసుకుని కిందికి వెళ్లిపోయిందట.

వచ్చే ఎన్నికలకి ఆమె ఓటు మారుతుందని నాకేమీ ఆశ లేదు. కానీ ఆ రాత్రి నేను కూడా ఇంట్లో మా పిల్లలకి దాదాజాన్ దఫ్తర్ కథ మళ్లీ చెప్పాను. ఈసారి కోడిపెట్ట తెచ్చిన రైతు వైపునుంచి.